చిన్న పట్టణాల మధ్య రైలు: పట్టాలు వేస్తే సరిపోతుందా?

రైలు అనగానే మనలో చాలామందికి ఢిల్లీ, ముంబయి, చెన్నై వెళ్లే ఎక్స్‌ప్రెస్ బండ్లు గుర్తొస్తాయి. అవి వేల కిలోమీటర్లు పరుగెడతాయి. పత్రికల్లో వార్తలయ్యేవి కూడా అవే. ఈనాటి పాఠం మాత్రం వాటి గురించి కాదు. మీ ఊరినుంచి యాభై, వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న మరో పట్టణానికి పొద్దున్నే వెళ్లి, పని చూసుకొని, సాయంత్రానికి ఇల్లు చేరడానికి వీలుండే బండి గురించి. దాన్ని మనం పాసింజరు అంటాం. కొన్నిచోట్ల పుష్‌పుల్ అంటారు. ఇప్పుడు మెమూ, డెమూ అన్న పేర్లు కూడా వాడుకలోకి వచ్చాయి.

ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. ఒక పట్టణంలో ఇంటర్మీడియట్ పూర్తిచేసిన అమ్మాయి ఉంది. ఆమె చదవాలనుకున్న డిగ్రీ కోర్సు ఎనభై కిలోమీటర్ల దూరంలో ఉన్న జిల్లా కేంద్రంలో ఉంది. హాస్టలు ఖర్చు ఇంట్లో వాళ్లు భరించలేరు. ఉదయం ఏడు గంటలకు ఒక బండి, సాయంత్రం అయిదున్నరకు తిరుగు బండి ఉంటే ఆమె చదువు సాగుతుంది. బండి మధ్యాహ్నం పన్నెండుకు ఉంటే సాగదు. రెండు సందర్భాల్లోనూ పట్టాలు అవే, స్టేషనూ అదే. మారింది వేళ ఒక్కటే.

కాబట్టి మనం ఈ పాఠంలో మూడు విషయాలు తెలుసుకుందాం. మొదటిది, చిన్న పట్టణాల మధ్య రైలు మార్గాలు మనకు ఎందుకు తక్కువగా ఉన్నాయి? రెండవది, మార్గం ఉన్నచోట కూడా బండ్లు ఎందుకు తక్కువగా నడుస్తాయి? మూడవది, ఆ ఖర్చు ఎవరు భరించాలి?

మన రైలు పటం ఎలా తయారైంది?

భారతదేశంలో తొలి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న బొంబాయిలోని బోరీబందర్ నుంచి ఠాణా వరకు 34 కి.మీ. నడిచింది. దక్షిణాదిలో తొలి రైలు 1856 జూలై 1న మద్రాసులోని రాయపురం నుంచి వాలాజా రోడ్డు వరకు నడిచింది. ఈ రెండింటిలోనూ ఒక పోలిక ఉంది గమనించండి. రెండూ ఓడరేవు నగరం నుంచే లోపలికి బయలుదేరాయి. లోపలి ప్రాంతాలనుంచి పత్తి, ధాన్యం, ఖనిజాలు రేవుకు చేరాలి. సైన్యం రేవునుంచి లోపలికి త్వరగా చేరాలి. ఆనాటి పాలకులకు కావలసింది ఇదే.

హైదరాబాదు రాజ్యంలో కూడా ఇలాగే జరిగింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. వాడి అప్పటికే బొంబాయి–మద్రాసు ప్రధాన మార్గంలో ఉన్న స్టేషను. అంటే రాజధానిని పెద్ద మార్గానికి కలపడమే ముందుగా జరిగిన పని. తర్వాత కాజీపేట, డోర్నకల్ మీదుగా బెజవాడ వరకు మార్గం సాగింది. సింగరేణి బొగ్గు బయటికి రావడానికి ఆ మార్గమే దారి అయింది.

ఫలితంగా మన రైలు పటం చక్రం ఆకుల్లా తయారైంది. మధ్యలో పెద్ద నగరం, దాన్నుంచి నాలుగు వైపులకు మార్గాలు. ఒక ఆకు కొసన ఉన్న ఊరినుంచి పక్క ఆకు కొసన ఉన్న ఊరికి వెళ్లాలంటే నడిమి దాకా పోయి తిరిగి రావాలి. కరీంనగర్, నిజామాబాద్ రెండూ తెలంగాణలో పెద్ద పట్టణాలే. ఇటీవలి వరకు వాటిని నేరుగా కలిపే రైలు లేదు.

దీనికి తోడు గేజి సమస్య. రెండు పట్టాల మధ్య ఉండే వెడల్పును గేజి అంటారు. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు. మీటర్‌గేజి 1,000 మిల్లీమీటర్లు. ఖర్చు తగ్గుతుందని చాలా ప్రాంతాల్లో మీటర్‌గేజి, కొండ ప్రాంతాల్లో ఇంకా చిన్నదైన నారోగేజి వేశారు. ఒక గేజి బండి మరో గేజి మీద నడవదు. ప్రయాణికుడు దిగి మరో బండి ఎక్కాలి. సరుకునైతే దించి మళ్లీ ఎక్కించాలి. 1992లో ప్రారంభమైన యూనిగేజి పథకం కింద దేశంలోని మీటర్‌గేజి మార్గాలను బ్రాడ్‌గేజిగా మార్చడం పెద్దఎత్తున సాగింది. మన ప్రాంతంలో సికింద్రాబాద్–నిజామాబాద్, గుంటూరు–గుంతకల్లు, ధర్మవరం–పాకాల వంటి మార్గాలు అలా మారినవే.

నాలుగు మార్గాల కథ

ఇప్పుడు మన తెలుగు రాష్ట్రాల్లోని నాలుగు మార్గాలు చూద్దాం. ఒక్కొక్కటి ఒక్కొక్క పాఠం చెబుతుంది.

మొదటిది పెద్దపల్లి–కరీంనగర్–నిజామాబాద్ మార్గం. పొడవు సుమారు 177 కి.మీ. అప్పటి ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు 1993లో దీనికి శంకుస్థాపన చేశారు. పెద్దపల్లి నుంచి కరీంనగర్ వరకు, ఆ తర్వాత జగిత్యాల వరకు, ఇలా ముక్కలు ముక్కలుగా సాగి 2017లో నిజామాబాద్ చేరింది. అంటే ఇరవై నాలుగేళ్లు. శంకుస్థాపన నాడు పుట్టిన బిడ్డ డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగం వెతుక్కునే వయసుకు వచ్చాకగానీ మార్గం పూర్తికాలేదు. ఏటా బడ్జెట్లో కొద్దికొద్దిగా డబ్బు కేటాయిస్తే జరిగేది ఇదే. పని ఆగదు, అయిపోదు. ఈలోగా ఖర్చు మాత్రం పెరుగుతూ ఉంటుంది.

రెండవది నంద్యాల–ఎర్రగుంట్ల మార్గం. పొడవు 123 కి.మీ. బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు దీని మీద ఉన్నాయి. 1996–97లో మంజూరైన ఈ మార్గం మీద 2016లో ప్రయాణికుల బండి మొదలైంది. ప్రొద్దుటూరు వస్త్ర వ్యాపారానికీ, బంగారు వ్యాపారానికీ పేరుపొందిన పట్టణం. అలాంటి పట్టణానికి కూడా రైలు కోసం 2016 దాకా ఆగవలసి వచ్చింది.

మూడవది మనోహరాబాద్–కొత్తపల్లి మార్గం. ఇది సుమారు 151 కి.మీ. 2006–07లో మంజూరైంది. 2023 అక్టోబరు 3న సిద్దిపేట నుంచి సికింద్రాబాదుకు తొలి ప్రయాణికుల రైలు బయలుదేరింది. ఈ మార్గానికి కావలసిన భూమి రాష్ట్ర ప్రభుత్వమే ఇచ్చింది, నిర్మాణ ఖర్చులో మూడోవంతు కూడా భరించింది. రైల్వే కేంద్ర ప్రభుత్వానిదే అయినా, ప్రాంతీయ మార్గాల విషయంలో రాష్ట్రాలు కూడా చేయి కలపవచ్చునని ఇది చూపుతుంది.

నాలుగవది కాకినాడ–కోటిపల్లి మార్గం. పొడవు 45 కి.మీ. రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా గోదావరి గట్టుకు చేరుతుంది. 1928లో వేసిన ఈ మార్గాన్ని రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1940లో తొలగించారు. మళ్లీ 2004లో పునరుద్ధరించారు. అంటే అరవైనాలుగు సంవత్సరాలు ఆ ఊళ్లకు రైలు లేదు. తిరిగి వచ్చాక దానిపై రైల్‌బస్ నడిపారు. చూడడానికి బస్సులా ఉండే ఒకే ఒక్క పెట్టె అది. వేగం తక్కువ, వేళలు తక్కువ. పక్కనే రోడ్డు మీద బస్సులు, ఆటోలు తరచుగా తిరుగుతుంటే రోజుకు ఒక్కసారి వచ్చే పెట్టె కోసం ఎవరు ఎదురుచూస్తారు? జనం ఎక్కలేదు కాబట్టి ఆదాయం రాలేదు. ఆదాయం రాలేదు కాబట్టి బండ్లు పెరగలేదు. ఈ మార్గాన్ని కోనసీమ మీదుగా నరసాపురం దాకా పొడిగించే పథకం 2000–01లోనే మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయల మీద పెద్ద వంతెనలు కట్టాలి. నడుమ కోనసీమ వరకు మార్గం చేరనంతకాలం కోటిపల్లి స్టేషను దారి చివర మిగిలిన ఊరే అవుతుంది. రెండు కొసలూ కలిసినప్పుడే మార్గానికి బలం వస్తుంది.

ఈ నాలుగింటిలో మొదటి మూడు, మార్గం రావడం ఎంత కష్టమో చెబుతున్నాయి. నాలుగోది, వచ్చిన తర్వాత దాన్ని నిలబెట్టుకోవడం ఎంత కష్టమో చెబుతుంది. మొదటి మార్గం ఈ రెండో పాఠం కూడా చెబుతుంది. పెద్దపల్లి–నిజామాబాద్ మార్గం పూర్తయ్యాక కూడా చాలాకాలం దానిపై రోజూ తిరిగే ప్రయాణికుల బండ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఒక మార్గం మీద ఎన్ని బండ్లు పడతాయి?

"మా ఊరికి ఇంకో బండి వేయండి" అని అడిగినప్పుడల్లా రైల్వే అధికారులు చెప్పే జవాబు ఒకటుంది: "లైన్ కెపాసిటీ లేదు." ఇది సాకు అని చాలామంది అనుకుంటారు. కొన్నిసార్లు సాకే కావచ్చు. కాని దాని వెనక ఒక లెక్క ఉంది. ఆ లెక్క తెలిస్తే సాకు ఏదో, నిజం ఏదో మనమే తేల్చుకోగలం.

సింగిల్ లైను మీద రెండు స్టేషన్ల మధ్య భాగాన్ని బ్లాక్ సెక్షన్ అంటారు. మామూలు పద్ధతిలో ఒక బ్లాకులో ఒక సమయంలో ఒకే బండి ఉండాలి. ఎదురు బండి రావాలంటే ఈ బండి అవతలి స్టేషను చేరి, లూప్ లైనులో ఆగి, దారి ఇవ్వాలి. దీన్నే క్రాసింగ్ అంటాం. మీరెక్కిన పాసింజరు ఏదో చిన్న స్టేషనులో కారణం లేకుండా అరగంట నిలబడిపోయిందని మీరు విసుక్కుని ఉంటారు. అది సాధారణంగా ఎదురు బండి కోసమో, వెనకనుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వడానికో ఆగి ఉంటుంది.

రైల్వేలో ఈ లెక్కకు స్కాట్ సూత్రం వాడతారు. రోజుకు 1,440 నిమిషాలు. మార్గంలో అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకునే బ్లాకును చూడాలి. నిదానంగా నడిచే బండి ఆ బ్లాకు దాటడానికి పట్టే నిమిషాలకు, సిగ్నలు, అనుమతుల కోసం పట్టే నిమిషాలు కలపాలి. 1,440ని ఆ మొత్తంతో భాగించాలి. వచ్చినదాంట్లో నూటికి డెబ్బై వంతులు తీసుకోవాలి. మిగతా ముప్పై వంతులు మరమ్మతులకూ, ఆలస్యాలకూ.

ఒక ఉదాహరణ చేద్దాం. బండి బ్లాకు దాటడానికి 15 నిమిషాలు, అనుమతులకు 5 నిమిషాలు అనుకుందాం. మొత్తం 20. 1,440ని 20తో భాగిస్తే 72. అందులో డెబ్బై శాతం సుమారు 50. అంటే రెండు దిక్కులకూ కలిపి రోజుకు 50 బండ్లు. గూడ్సు బండ్లు, ఎక్స్‌ప్రెస్‌లు, పాసింజర్లు అన్నీ ఇందులోనే సర్దుకోవాలి.

ఇప్పుడు ఆ పొడవాటి బ్లాకు మధ్యలో ఒక క్రాసింగ్ స్టేషను కట్టామనుకోండి. బ్లాకు రెండు ముక్కలవుతుంది. ఒక్కో ముక్క దాటడానికి 7½ నిమిషాలు, అనుమతులకు 5 నిమిషాలు, మొత్తం 12½. 1,440ని 12½తో భాగిస్తే 115. అందులో డెబ్బై శాతం సుమారు 80. యాభై ఎనభై అయింది! దారి పొడవునా ఇలాంటి పొడవాటి బ్లాకులను సరిచేస్తూ పోతే, రెండో లైను మొత్తం వేయకుండానే ముప్పై బండ్లకు చోటు దొరికింది. అందుకే "లైన్ కెపాసిటీ లేదు" అన్న జవాబు దగ్గర సంభాషణ ఆగిపోకూడదు. "ఏ బ్లాకులో లేదు? అక్కడ ఏం కడితే వస్తుంది?" అన్నది తర్వాతి ప్రశ్న కావాలి.

మార్గం మీద గూడ్సు బండ్ల రద్దీ ఎక్కువగా ఉంటే డబ్లింగ్ తప్పదు. విజయవాడ–గుడివాడ–భీమవరం మార్గం చాలాకాలం సింగిల్ లైనుగానే ఉండేది. దాన్ని ఇటీవల డబ్లింగ్ చేసి, విద్యుదీకరించారు. డెల్టాలోని చిన్న పట్టణాలకు ఇది పెద్ద మేలు.

ఏ బండి నడపాలి?

ఇక్కడ మీకు భౌతికశాస్త్రం పనికొస్తుంది. పాత పద్ధతి పాసింజరుకు ముందు ఒక ఇంజను ఉంటుంది. మొత్తం బండిని అదొక్కటే లాగాలి. ప్రతి ఆరేడు కిలోమీటర్లకు ఆగుతూ పోయే బండికి ఇది అనుకూలం కాదు. వేగం అందుకునేలోపే మళ్లీ స్టేషను వస్తుంది.

మెమూ అంటే మెయిన్‌లైన్ ఎలక్ట్రిక్ మల్టిపుల్ యూనిట్. ఇందులో వేరే ఇంజను ఉండదు. బండి పొడవునా కొన్ని పెట్టెల కిందనే మోటార్లు ఉంటాయి. లాగే శక్తి ఎక్కువ చక్రాలకు పంచబడుతుంది కాబట్టి బండి త్వరగా వేగం అందుకుంటుంది. కొత్త త్రీఫేజ్ మెమూలు గంటకు 110 కి.మీ. వేగంతో వెళ్లగలవు. బ్రేకు వేసినప్పుడు చక్రాల తిరుగుడు నుంచి విద్యుత్తు తయారై తిరిగి తీగల్లోకి పోతుంది. డెమూ కూడా ఇలా రెండు కొసలా డ్రైవరు గది ఉన్న బండే, కాకపోతే డీజిలుతో నడుస్తుంది. మన బ్రాడ్‌గేజి మార్గాలు దాదాపు అన్నీ విద్యుదీకరణ అయ్యాయి కాబట్టి ఇకముందు మెమూలకే ఎక్కువ అవకాశం.

మెమూకు మరో లాభం కూడా ఉంది. రెండు కొసలా డ్రైవరు గది ఉంటుంది. చివరి స్టేషనులో ఇంజను విడదీసి, చుట్టూ తిప్పి, మరో కొసకు తగిలించే పని లేదు. డ్రైవరు ఈ కొసనుంచి ఆ కొసకు నడిచివెళితే చాలు.

దీనివల్ల ఎంత తేడా వస్తుందో చూడండి. తొంభై కిలోమీటర్ల మార్గం అనుకుందాం. పాత పాసింజరుకు ప్రయాణం రెండు గంటల నలభై అయిదు నిమిషాలు, ఇంజను తిప్పడానికి నలభై అయిదు నిమిషాలు. అంటే ఒక విడతకు మూడున్నర గంటలు. మెమూకు ప్రయాణం రెండుంపావు గంటలు, తిరుగు ఏర్పాటుకు పావుగంట. అంటే ఒక విడతకు రెండున్నర గంటలు. ఉదయం అయిదునుంచి రాత్రి ఎనిమిది వరకు పదిహేను గంటలు. ఈ సమయంలో పాత బండి నాలుగు విడతలు, అంటే రెండుసార్లు రానూపోనూ తిరుగుతుంది. మెమూ ఆరు విడతలు, అంటే మూడుసార్లు రానూపోనూ తిరుగుతుంది. ఒక్క పెట్టె కూడా అదనంగా కొనకుండా ఆ ఊరికి ఒక బండి పెరిగింది.

వేళ ముఖ్యమా, వేగం ముఖ్యమా?

రెండూ ముఖ్యమే. కాని చిన్న దూరాలకు వేళే ఎక్కువ ముఖ్యం. బస్సు ఎందుకు గెలుస్తుంది? అరగంటకొకటి ఉంటుంది కాబట్టి. ఒకటి పోతే ఇంకొకటి వస్తుందన్న ధీమా ఉంటుంది కాబట్టి.

స్విట్జర్లాండ్ దేశం 1982లో ఒక పద్ధతి తెచ్చింది. దేశమంతటా రైళ్లు గంట గంటకూ ఒకే నిమిషానికి బయలుదేరాలి. ఒక స్టేషనులో బండి ఏడు గంటల పది నిమిషాలకు ఉంటే, ఎనిమిదీ పదికి, తొమ్మిదీ పదికి కూడా ఉంటుంది. ప్రయాణికుడు టైంటేబులు చూడనక్కరలేదు. జంక్షన్లలో బండ్లు ఇంచుమించు ఒకే సమయానికి చేరి, ఒకదానినుంచి మరొకదానికి మారే వీలిస్తాయి. జర్మనీ 1996 నుంచి ప్రాంతీయ రైళ్ల బాధ్యతను రాష్ట్రాలకు అప్పగించి, అందుకు కేంద్ర నిధులు ఇచ్చింది. ఏ ఊరికి ఎన్ని బండ్లు కావాలో దగ్గరగా ఉన్నవారే నిర్ణయిస్తారన్నమాట.

మన దేశం పరిమాణంలోనూ, జనాభాలోనూ వేరు. గంటకొక బండి అన్నిచోట్లా సాధ్యం కాదు. కాని ఆ ఆలోచననుంచి మనం నేర్చుకోవలసింది ఉంది. రోజుకు మూడే బండ్లు నడపగలిగినా, ఉదయం ఒకటి కాలేజీ, ఆఫీసు వేళకు చేరాలి. సాయంత్రం ఒకటి అవి మూసిన తర్వాత బయలుదేరాలి. జంక్షనులో పెద్ద బండి వెళ్లిపోయిన పది నిమిషాలకు చిన్న బండి వస్తే ఉపయోగం లేదు.

స్టేషను ఎక్కడుందన్నది కూడా చూడాలి. జగిత్యాల స్టేషను పట్టణం నడిబొడ్డున లేదు, లింగంపేట దగ్గర ఉంది. కొత్త మార్గాలు వేసేటప్పుడు భూమి ఖర్చు తగ్గించడానికి ఊరి బయటగా తీసుకుపోవడం మామూలే. అప్పుడు బండి వేళకు స్టేషను దగ్గర సిటీబస్సు ఉండాలి. లేకపోతే రైలు టికెట్టు పది రూపాయలు, ఆటోకు అంతకు రెండింతలో, మూడింతలో అవుతుంది.

నష్టం అన్న మాట

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన ప్రశ్నకు వద్దాం. పాసింజరు బండ్లు నష్టంతో నడుస్తాయి. ఇది నిజం. మన రైలు టికెట్ల మీద ఒక మాట అచ్చువేసేవారు. ప్రయాణ ఖర్చులో సగటున 57 శాతమే రైల్వే వసూలు చేస్తోందని దాని భావం. మిగిలినది ప్రధానంగా సరకు రవాణా లాభంనుంచి భర్తీ అవుతుంది. రైల్వే ఆదాయంలో దాదాపు మూడింట రెండు వంతులు గూడ్సు బండ్లనుంచే వస్తుంది. బొగ్గు, సిమెంటు, ఎరువులు మోసిన డబ్బు పాసింజరు టికెట్టు ధరను తక్కువగా ఉంచుతోంది.

కాబట్టి ఒక గూడ్సు బండికి దారి ఇవ్వడానికి పాసింజరును ఆపడం వెనక రైల్వేకు ఒక ఆర్థిక కారణం ఉంది. దాన్ని మనం కాదనలేం. కాని ఇంకో వైపు కూడా చూడాలి.

2020 మార్చి 22 అర్ధరాత్రి నుంచి కరోనా వల్ల దేశమంతటా ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి. తర్వాత క్రమంగా బండ్లు తిరిగి వచ్చాయి. పాసింజర్లు మాత్రం అన్నిటికంటే ఆలస్యంగా, చాలావరకు స్పెషల్ ఎక్స్‌ప్రెస్ అన్న పేరుతో వచ్చాయి. పేరుతోపాటు ధర కూడా మారింది. కనీస టికెట్టు 10 రూపాయలనుంచి 30 రూపాయలైంది. కొన్ని చిన్న స్టేషన్లలో బండి ఆగడం మానేసింది. 2024 ఫిబ్రవరిలో మళ్లీ పాత కనీస ధర తెచ్చారు.

ఈ తేడా ఒక కూలీకి ఎంతో లెక్కవేయండి. రోజూ పనికి వెళ్లి వస్తూ, విడి టికెట్టు కొనే మనిషి నెలకు 26 రోజులు ప్రయాణిస్తే, పాత ధరలో 520 రూపాయలు. పెరిగిన ధరలో 1,560 రూపాయలు. ఆ వెయ్యి రూపాయలు రైల్వే ఖాతాలో చిన్న అంకె. ఆ ఇంట్లో మాత్రం అది నెల బియ్యం ఖర్చు.

రైల్వే లెక్కల పుస్తకంలో కనిపించని లాభాలు కూడా ఉన్నాయి. డిగ్రీ వరకు చదివే అమ్మాయిలకు, పన్నెండో తరగతి వరకు చదివే అబ్బాయిలకు ఇంటినుంచి విద్యాలయానికి సెకండ్ క్లాసు సీజన్ టికెట్టు ఉచితంగా ఇచ్చే సదుపాయం రైల్వేలో ఉంది. సీజన్ టికెట్టు మామూలుగా 150 కి.మీ. దూరం వరకు ఇస్తారు. ఇది ఎంతో మంచి సదుపాయం. కాని వేళకు బండి లేనిచోట ఉచిత టికెట్టు ఉన్నా లేకున్నా ఒకటే. అలాగే రోడ్డు ప్రమాదాలు తగ్గడం, ఇంధనం ఆదా కావడం, పనిమీద నగరానికి వచ్చినవాడు అక్కడే అద్దె గది తీసుకోకుండా రాత్రికి తన ఊరు చేరుకోవడం, ఇవన్నీ సమాజానికి వచ్చే లాభాలు. వాటి ఖర్చు మాత్రం రైల్వే ఒక్కటే మోస్తోంది.

అందుకని, నష్టం వస్తోంది కాబట్టి బండి తీసేయండి అనడమూ సరికాదు. ఎంత నష్టమైనా ప్రతి ఊరికీ బండి వేయండి అనడమూ సరికాదు. రోజుకు వందమంది ఎక్కే అవకాశం కూడా లేనిచోట బస్సే మంచి సాధనం. వేలమంది ఒకే దారిలో, ఒకే వేళకు కదిలేచోట రైలును మించినది లేదు. ఈ రెండింటి నడుమ ఉన్న మార్గాల్లో, నష్టంలో ఎంత భాగం కేంద్రానిది, ఎంత రాష్ట్రానిది అని ముందుగానే లెక్క రాసుకొని, కొన్నేళ్లపాటు సరైన వేళలకు బండ్లు నడిపి చూడాలి. అప్పటికీ జనం ఎక్కకపోతే ఆపడం న్యాయం. పనికిరాని వేళకు ఒక్క పెట్టె నడిపి, జనం రాలేదనడం న్యాయం కాదు.

పొరుగు దేశాల అనుభవం

మన పక్కనే ఉన్న రెండు దేశాలు చూడండి. శ్రీలంకలో అంతర్యుద్ధం వల్ల 1990లో యాళ్పాణం, అంటే జాఫ్నా, రైలు ఆగిపోయింది. ఇరవై నాలుగేళ్ల తర్వాత 2014 అక్టోబరులో మళ్లీ నడిచింది. ఆ మార్గాన్ని తిరిగి నిర్మించినది భారత ప్రభుత్వ సంస్థ ఇర్కాన్.

నేపాల్‌లో సీతమ్మవారి పుట్టినిల్లుగా పేరుపొందిన జనకపురికి బీహారులోని జయనగర్ నుంచి పాత నారోగేజి రైలు ఉండేది. 2014లో అది ఆగింది. బ్రాడ్‌గేజిగా మారి, 2022 ఏప్రిల్ 2న జయనగర్ నుంచి కుర్తా వరకు సుమారు 35 కి.మీ. మార్గం మొదలైంది. దానిపై తిరిగేది మన చెన్నైలో తయారైన డెమూ. ముప్పై అయిదు కిలోమీటర్ల చిన్న మార్గం రెండు దేశాల చుట్టాలను కలిపింది. చిన్న మార్గం అంటే చిన్న విషయం కాదని దీనివల్ల తెలుస్తోంది.

మన దేశంలో కూడా కొత్త ప్రయత్నాలు మొదలయ్యాయి. ఢిల్లీ–మీరట్ ప్రాంతీయ వేగ రైలులో తొలి భాగం 2023 అక్టోబరులో ప్రారంభమైంది. 2024 సెప్టెంబరులో భుజ్–అహ్మదాబాద్ మధ్య నమో భారత్ ర్యాపిడ్ రైలు వచ్చింది. ఇవి మంచి బండ్లే. అయితే ఏసీ పెట్టెల బండి ధరకూ, పాసింజరు ధరకూ తేడా ఉంటుంది. కొత్తది వచ్చినప్పుడు పాతది పోకుండా చూసుకోవడం అవసరం.

మీరేం చేయవచ్చు?

విద్యార్థులారా, ఈ పాఠం వినేసి ఊరుకోకండి. ఒక చిన్న పని చేయండి. మీ దగ్గరి స్టేషనుకు వెళ్లి, అక్కడ ఆగే బండ్ల వేళలు రాసుకోండి. ఉదయం తొమ్మిదిలోపు జిల్లా కేంద్రం చేరే బండ్లు ఎన్ని? సాయంత్రం అయిదు తర్వాత తిరిగివచ్చేవి ఎన్ని? తర్వాత మీ తరగతిలో రోజూ బస్సులో, రైలులో వచ్చేవారు ఎంతమంది, ఏ ఊళ్లనుంచి, నెలకు ఎంత ఖర్చుతో వస్తున్నారో పట్టిక తయారుచేయండి. ఆ రెండు పట్టికలను పక్కపక్కన పెట్టండి. బండి ఏ వేళకు కావాలో మీకే తెలిసిపోతుంది.

ఆ పట్టికను మీ అధ్యాపకుల సాయంతో విజ్ఞాపనగా రాసి, స్టేషన్ మాస్టారు ద్వారా డివిజనల్ రైల్వే మేనేజరుకు, అలాగే మీ పార్లమెంటు సభ్యులకు పంపండి. "మా ఊరికి రైలు కావాలి" అన్న విజ్ఞాపనలు వారికి చాలా వస్తాయి. "ఈ బండి నలభై నిమిషాలు ముందుగా బయలుదేరితే మా కాలేజీలో ఇంతమందికి ఉపయోగం" అని లెక్కతో వచ్చేవి తక్కువ. వేళ మార్చడానికి కోట్లు అక్కరలేదు, కొత్త పట్టాలూ అక్కరలేదు. అందువల్ల అలాంటి విన్నపానికి కాదు అని చెప్పడం కొంచెం కష్టం.

ఇంతవరకు తెలుసుకున్నది ఒకసారి గుర్తుచేసుకుందాం. మన రైలు పటం రేవులకూ, రాజధానులకూ అనుకూలంగా తయారైంది కాబట్టి పక్కపక్క పట్టణాల మధ్య మార్గాలు తక్కువ. కొత్త మార్గాలు రావడానికి పదేళ్లు, ఇరవయ్యేళ్లు పడుతున్నాయి. ఉన్న మార్గాల మీద పొడవాటి బ్లాకులను విడగొట్టి, మెమూలు నడిపి, వేళలు సరిచేస్తే తక్కువ ఖర్చుతోనే బండ్లు పెంచవచ్చు. నష్టాన్ని కేంద్రం, రాష్ట్రం పంచుకోవాలి.

మొదట చెప్పుకున్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పండి. పట్టాలు వేస్తే సరిపోతుందా? సరిపోదు. వేళకు బండి ఉండాలి. ఆ బండిలో చదువుకోవడానికి వెళ్లే పిల్లలకు చోటుండాలి.